వేల్స్ ఆటగాళ్ళను ఇంగ్లండ్ ఖాతాలో వేయకండి: తెలుగు క్రీడా సంపాదకులకు బహిరంగ లేఖ

క్రీడా పేజీల సంపాదకులకు, ఇంటర్నెట్‌లో విజ్ఞాన సర్వస్వాలు నిర్వహించే వారికి, క్విజ్‌లు, పోటీ పరీక్షల పుస్తకాలు కూర్చే వారికి,

నమస్కారం. క్రికెట్ తప్ప మరో ఆటకు చోటు దొరకడమే కష్టమైన తెలుగు క్రీడా రచనలో మీరు పాత ఫుట్‌బాల్ చరిత్రకు కూడా జాగా ఇస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాం.

1876 నుంచి 1914 దాకా వేల్స్ తరఫున ఆడిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళ గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో, పట్టికల్లో, ప్రశ్నల పుస్తకాల్లో ఒకే రకం తప్పులు పదే పదే కనిపిస్తున్నాయి. విడివిడిగా ఉత్తరాలు రాశాం. తేదీలతో సహా వివరాలు పంపాం. జవాబు రాలేదు. ఒకటి రెండు చోట్ల దిద్దిన తప్పు కొన్నాళ్ళకే మళ్ళీ పాత రూపంలోకి వచ్చేసింది. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం. ఏ పత్రిక పేరూ, ఏ వ్యక్తి పేరూ ఎత్తడం లేదు. తప్పు ఎక్కడ, ఎందుకు జరుగుతోందో, దాన్ని ఎలా దిద్దాలో మాత్రం వివరంగా చెబుతున్నాం.

1. వేల్స్ వేరే జట్టు. మొదటి నుంచీ వేరే జట్టే.

మిగతా తప్పులన్నీ దీన్నుంచే పుడుతున్నాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ కలిసిన ‘బ్రిటన్’ అని రాయాల్సిన చోట ‘ఇంగ్లండ్’ అని రాసే అలవాటు మనకు పాతదే. రాజకీయ వార్తల్లో అది సర్దుకుపోతుందేమో గానీ ఫుట్‌బాల్‌లో సర్దుకోదు. వేల్స్ ఫుట్‌బాల్ సంఘం 1876 ఫిబ్రవరి 2న రెక్సమ్ పట్టణంలోని విన్‌స్టే ఆర్మ్స్ హోటల్లో ఏర్పడింది. దాన్ని నిలబెట్టింది రువాబన్‌కు చెందిన న్యాయవాది లెవెలిన్ కెన్రిక్. 1863లో ఇంగ్లండ్ సంఘం, 1873లో స్కాట్లండ్ సంఘం పుట్టాయి. ప్రపంచంలో మూడోది ఇదే. రెండు నెలలైనా తిరగకముందే, మార్చి 25న, గ్లాస్గోలో స్కాట్లండ్‌తో వేల్స్ తొలి మ్యాచ్ ఆడి 4–0తో ఓడింది. కెప్టెన్ కెన్రికే. మరుసటి ఏడాది మార్చి 5న సొంతగడ్డ మీద, రెక్సమ్ రేస్‌కోర్స్ మైదానంలో మళ్ళీ స్కాట్లండ్‌తోనే ఆడి 2–0తో ఓడింది. ఆ మైదానంలో ఇవాళ్టికీ ఆట జరుగుతోంది. 1886లో ఆట నియమాల అంతర్జాతీయ బోర్డు ఏర్పడినప్పుడు కూర్చున్న నాలుగు సంఘాల్లో వేల్స్ ఒకటి. ఆ బోర్డులో వేల్స్ ఓటు నేటికీ ఉంది.

1881 ఫిబ్రవరి 26న బ్లాక్‌బర్న్‌లో ఇంగ్లండ్‌ను వేల్స్ 1–0తో ఓడించింది. గోల్ కొట్టింది డ్రూయిడ్స్ క్లబ్బు ఆటగాడు జాన్ వాన్. మరుసటి ఏడాది మార్చిలో రెక్సమ్‌లో 5–3తో మళ్ళీ ఓడించింది. వేల్స్ వాళ్ళను ‘ఇంగ్లండ్ క్రీడాకారులు’ అని రాసే వ్యాసంలో ఈ రెండు మ్యాచ్‌లకు చోటెక్కడ? ఎవరు ఎవరిని ఓడించినట్టు?

ఈ తప్పు ఎందుకు జరుగుతోందో మాకు తెలుసు. ఇంగ్లండ్‌లో 1885లో డబ్బు తీసుకుని ఆడటాన్ని అనుమతించారు. 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. వేల్స్ ఈశాన్యాన బొగ్గు గనుల్లో పనిచేసే కుర్రాళ్ళకు ఆ జీతం పెద్ద ఆశ. చర్క్, రువాబన్, రెక్సమ్‌ల నుంచి వాళ్ళు మాంచెస్టర్‌కు, బోల్టన్‌కు, ప్రెస్టన్‌కు, స్టోక్‌కు వెళ్ళిపోయారు. మీ రచయిత చూసే పాత పట్టికలో క్లబ్బు పేరు పెద్దగా, దేశం పేరు చిన్నగా ఉంటుంది. మాంచెస్టర్ కనబడగానే ఇంగ్లండ్ అని రాసేస్తున్నారు. క్లబ్బు వేరు, దేశం వేరు. రెండింటికీ రెండు గడులు పెడితే ఈ తప్పు మూడొంతులు పోతుంది.

2. ఇద్దరు మనుషులను ఒకరిగా కలిపేస్తున్నారు.

వేల్స్‌లో ఇంటిపేర్లు తక్కువ. జోన్స్, ఎవాన్స్, డేవిస్, విలియమ్స్, మోరిస్ అనే నాలుగైదు పేర్లే సగం జట్టుకు సరిపోతాయి. పైగా మన దగ్గర పేరు ముందు పొడి అక్షరం సాధారణంగా ఇంటిపేరు, అక్కడ అది పెట్టిన పేరు. ఆ పొడి అక్షరాన్ని మన అలవాటు కొద్దీ తీసేస్తే మిగిలేది జోన్స్ ఒక్కటే. ఏ జోన్స్?

ఒకే కాలపు జోన్స్‌లను చూడండి. జాన్ లెనార్డ్ జోన్స్, రుడ్లన్ ఊరివాడు, హాఫ్‌బ్యాక్, అంటే మధ్య వరస ఆటగాడు. 1901లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్.ఏ. కప్ గెలిచిన టోటెన్‌హామ్ జట్టుకు కెప్టెన్. అప్పటికి ఆ క్లబ్బు ఫుట్‌బాల్ లీగ్‌లో కూడా లేదు. జాన్ లవ్ జోన్స్ వేరే మనిషి, ఫార్వర్డ్, స్టోక్‌కూ మిడిల్స్‌బ్రోకూ ఆడాడు. విలియమ్ లాట్ జోన్స్ చర్క్ నుంచి మాంచెస్టర్ సిటీకి వెళ్ళినవాడు. డేవిడ్ జోన్స్, అందరూ డై జోన్స్ అని పిలిచేవారు, బోల్టన్‌కూ ఆ తర్వాత మాంచెస్టర్ సిటీకీ ఆడిన డిఫెండర్. ‘జె. ఎల్. జోన్స్’ అని రాస్తే మొదటి ఇద్దరూ కలిసిపోతారు. ‘మాంచెస్టర్ సిటీ జోన్స్’ అని రాస్తే చివరి ఇద్దరూ కలిసిపోతారు. ఇలా కలిపేసిన ఒక పట్టికలో 1902లో చనిపోయిన మనిషి 1907లో ఇంగ్లండ్ మీద ఆడినట్టు తేలింది.

ఎవాన్స్‌ల సంగతి ఇంకా చిక్కు. రాబర్ట్ ఓవెన్ ఎవాన్స్ గోల్‌కీపర్. రాబర్ట్ ఎర్నెస్ట్ ఎవాన్స్, బాబీ అని పిలిచేవారు, వింగర్. ఇద్దరూ రెక్సమ్‌కు ఆడారు, ఇద్దరూ 1900ల్లో వేల్స్‌కు ఆడారు. బాబీ ఎవాన్స్ 1906 నుంచి 1910 దాకా వేల్స్‌కు 10 మ్యాచ్‌లు ఆడాడు. పుట్టింది చెస్టర్‌లో, అంటే ఇంగ్లండ్ నేల మీద, కాబట్టి 1911, 1912ల్లో ఇంగ్లండ్‌కు 4 మ్యాచ్‌లు ఆడాడు. నిజంగా రెండు దేశాల పేర్లూ రాయాల్సిన మనిషి ఇతనే. అంతకుముందు జాన్ హాలీ ఎడ్వర్డ్స్ కూడా 1874లో ఇంగ్లండ్‌కు, 1876లో వేల్స్‌కు ఆడాడు. వీళ్ళిద్దరి దగ్గర ఒక్క దేశమే రాసి, పక్కా వేల్స్ వాళ్ళకు ఇంగ్లండ్ అని రాయడం చూస్తే బాధ కలుగుతుంది.

ప్రెస్టన్ గోల్‌కీపర్ల విషయమూ ఇంతే. 1888–89లో ఒక్క మ్యాచ్ ఓడకుండా లీగ్, ఒక్క గోల్ ఇవ్వకుండా కప్ గెలిచిన జట్టది. లీగ్ మ్యాచ్‌లలో దాదాపు అన్నింటా గోల్‌లో నిలబడింది రెక్సమ్‌కు చెందిన జిమ్ ట్రెయినర్. కప్ ఫైనల్లో నిలబడింది వైద్యుడు రాబర్ట్ మిల్స్-రాబర్ట్స్. ఇద్దరూ వేల్స్ వాళ్ళే. ‘1889 కప్ ఫైనల్ గోల్‌కీపర్ ఎవరు?’ అన్న ప్రశ్నకు ట్రెయినర్ అని జవాబు ఇస్తే, సరిగ్గా చదువుకున్న విద్యార్థికి మార్కు పోతుంది.

3. మ్యాచ్‌ల సంఖ్యను నేటి లెక్కతో తూకం వేస్తున్నారు.

‘25 ఏళ్ళలో 48 మ్యాచ్‌లేనా’ అని వేల్స్ వింగర్ బిల్లీ మెరిడిత్ గురించి రాసిన వాక్యం అన్యాయం. అతని కాలంలో, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, వేల్స్ ఆడినవి ఇంగ్లండ్‌తో ఒకటి, స్కాట్లండ్‌తో ఒకటి, ఐర్లండ్‌తో ఒకటి, ఏడాదికి మూడే. 1895 నుంచి 1914 దాకా 60, యుద్ధం తర్వాత 1920లో 3, మొత్తం 63. అందులో 48 ఆడటం చిన్న విషయం కాదు. మిగిలినవి ఎందుకు పోయాయో కూడా రాయాలి. ఆటగాణ్ణి దేశానికి పంపాలన్న కట్టడి అప్పట్లో క్లబ్బుల మీద లేదు. శనివారం లీగ్ మ్యాచ్ ఉంటే క్లబ్బు పంపేది కాదు. అందుకే వేల్స్ చాలా మ్యాచ్‌లు సోమవారం పెట్టుకునేది. 1907లో స్కాట్లండ్‌తో ఆడిన మార్చి 4, ఇంగ్లండ్‌తో ఆడిన మార్చి 18, రెండూ సోమవారాలే. అప్పుడు కూడా ఏ ఆటగాడు వస్తాడో, ఏ ఆటగాడు రాడో చివరి దాకా తేలేది కాదు. 1913 జనవరిలో బెల్‌ఫాస్ట్‌లో మనుషులు చాలక జట్టు ట్రెయినర్ జార్జ్ లేథమ్ బూట్లు కట్టుకుని దిగాడు.

ఎదుటివైపు ఇంగ్లండ్ పరిస్థితి వేరు. 1890 మార్చి 15న ఇంగ్లండ్ ఒకే రోజు రెక్సమ్‌లో వేల్స్‌తోనూ, బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్‌తోనూ రెండు జట్లతో ఆడి రెండూ గెలిచింది. 1891లో, 1892లో కూడా అలాగే రెండు జట్లను దింపింది. ఆ తేడాలో పెట్టి చూస్తేనే 1907లో వేల్స్ తొలిసారి నాలుగు దేశాల టోర్నీ గెలవడం ఎంత పెద్ద సంగతో పాఠకుడికి అర్థమవుతుంది. బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్ మీద 3–2, రెక్సమ్‌లో స్కాట్లండ్ మీద 1–0, లండన్‌లో ఇంగ్లండ్‌తో 1–1. మన పట్టికల్లో చాలావాటిలో ఈ టోర్నీ గడే లేదు.

4. నాటి నియమాలు తెలియకుండా నేటి తీర్పులు ఇస్తున్నారు.

లీ రిచ్మండ్ రూస్, హోల్ట్ గ్రామంలో 1877లో పుట్టిన గోల్‌కీపర్, వేల్స్‌కు 24 మ్యాచ్‌లు ఆడాడు. బంతిని చేత్తో నేలకు కొడుతూ సగం మైదానం దాకా వచ్చేవాడు. ‘నియమాలు ఉల్లంఘించే కీపర్’ అని తెలుగులో ఒకటికి రెండు చోట్ల రాశారు. అతను ఉల్లంఘించలేదు. అప్పటి నియమం ప్రకారం కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ముట్టుకోవచ్చు. చేత పట్టుకుని నడవడానికే పరిమితి ఉంది. అందుకే నేలకు కొడుతూ వచ్చేవాడు. మిగతా కీపర్లు గోల్ వదిలి రావడానికి భయపడి వాడుకోని వెసులుబాటును ఇతను వాడుకున్నాడు. 1912లో నియమం మార్చి, కీపర్ చేతులను పెనాల్టీ ఏరియాకే పరిమితం చేశారు. 1912కు ముందు మ్యాచ్‌లను ఆ తర్వాతి నియమంతో కొలవకూడదు.

పెనాల్టీ కిక్ వచ్చింది 1891లో. 1880ల మ్యాచ్ వర్ణనలో ‘పెనాల్టీ గోల్’ కనబడితే అది తప్పని చూడగానే కొట్టేయొచ్చు. వేల్స్‌కు తొలి గోల్ 1879 జనవరి 18న లండన్ ఓవల్‌లో ఆస్వెస్ట్రీకి చెందిన విలియమ్ హెన్రీ డేవిస్ కొట్టాడు. ఇంగ్లండ్ 2–1తో గెలిచింది. ఆ రోజు మంచు పడుతుంటే ఒక్కో సగాన్ని 30 నిమిషాలకు కుదించారు. ‘75వ నిమిషం’ లాంటి మాట ఆ మ్యాచ్‌కు అతికిస్తే దొరికిపోతారు.

5. ఊళ్ళు.

వేల్స్ ఫుట్‌బాల్ అనగానే కార్డిఫ్ బొమ్మ వేస్తున్నారు. ఆ కాలంలో ఆట గుండె ఈశాన్యంలో ఉండేది. దక్షిణాన రగ్బీదే రాజ్యం. 1896లో కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో ఇంగ్లండ్‌తో ఆడితే 9–1తో ఓడారు. వేల్స్ కప్ తొలి ఫైనల్ 1878లో రెక్సమ్, డ్రూయిడ్స్ మధ్య జరిగింది. చర్క్ అనే గని ఊరు 1887, 1888, 1890, 1892, 1894ల్లో ఆ కప్ గెలిచింది. దక్షిణం నుంచి ఒక జట్టు, కార్డిఫ్ సిటీ, దాన్ని తొలిసారి గెలిచింది 1912లో. ఇంకో మెలిక: కప్ గెలిచినంత మాత్రాన ఆ ఊరు వేల్స్‌లో ఉన్నట్టు కాదు. 1901, 1907ల్లో గెలిచిన ఆస్వెస్ట్రీ, 1902, 1906ల్లో గెలిచిన వెల్లింగ్టన్ ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ఊళ్ళు.

6. పరువు పోయే రాతలు.

మెరిడిత్‌ను ‘లంచం కేసులో జీవితకాల నిషేధం పొందిన ఆటగాడు’ అని రాశారు. జరిగింది వేరు. 1905 ఏప్రిల్‌లో ఆస్టన్ విల్లాతో మ్యాచ్ సందర్భంగా ఎదుటి జట్టు కెప్టెన్ అలెక్ లీక్‌కు 10 పౌండ్లు ఇవ్వజూపాడని ఆరోపణ వచ్చింది. అతను కాదన్నాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మరుసటి సీజన్ చివరి దాకా ఆడకుండా చేసింది. ఆ తర్వాత అతని క్లబ్బు మాంచెస్టర్ సిటీ చెల్లింపుల మీద విచారణ జరిగింది. 1901 నుంచి వారానికి 4 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న పరిమితి ఉండేది. దాన్ని దాటి చెల్లించారని 1906లో 17 మంది ఆటగాళ్ళను 1907 జనవరి 1 దాకా నిషేధించారు. ఆ రోజే మెరిడిత్ మాంచెస్టర్ యునైటెడ్ తరఫున మళ్ళీ మైదానంలోకి దిగాడు. 1908లో, 1911లో లీగ్, 1909లో కప్ గెలిచాడు. 1907 డిసెంబర్ 2న మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్లో ఆటగాళ్ళ యూనియన్ ఏర్పడిన సమావేశానికి అధ్యక్షత వహించింది ఇతనే. 12 ఏళ్ళకు బొగ్గు గనిలోకి దిగిన మనిషి, తోటి ఆటగాళ్ళ జీతం కోసం, గాయపడినవాళ్ళ పరిహారం కోసం యూనియన్ కట్టాడు. ఇవన్నీ వదిలేసి ‘జీవితకాల నిషేధం’ ఒక్కటి మిగిల్చారు.

పరిహారం మాట ఎందుకు ముఖ్యమో డై జోన్స్ చావు చెబుతుంది. 1902 వేసవి చివర్లో సీజన్‌కు ముందు ప్రాక్టీస్ ఆటలో కింద పడితే నేలమీది గాజు పెంకు మోకాలిని కోసింది. ఆ గాయం విషమించి కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. అతను చనిపోయిన తీరు గురించి తెలుగులో ఒక్క వాక్యం కూడా మాకు కనబడలేదు.

గోల్‌కీపర్ రూస్ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 అక్టోబర్ 7న, ఫ్రాన్స్‌లోని సోమ్ పోరులో చనిపోయాడు. సైన్యంలో చేరినప్పుడు పేరులో రెండో ‘ఓ’ బదులు ‘యు’ పడింది. మిలిటరీ మెడల్ అందుకున్న ఆ మనిషి పేరు అక్కడి టీప్‌వాల్ యుద్ధ స్మారకం మీద కూడా ఆ తప్పుతోనే చెక్కారు. ఒక్క అక్షరం వల్ల అతను ఎక్కడ, ఎలా పోయాడో ఇంటివాళ్ళకే చాలా కాలం తెలియలేదు. పేర్ల విషయంలో మేమింత పట్టుబట్టేది ఇలాంటివి చూసే.

7. దీనివల్ల నష్టపోతున్నది ఎవరు?

పోటీ పరీక్షకు ప్రిపేరయ్యే నిరుద్యోగి మొదట నష్టపోతాడు. కోచింగ్ ఫీజు కట్టలేక చవక పుస్తకం కొనుక్కున్నవాడికి దాన్ని సరిచూసుకునే దారి ఉండదు. బడిలో క్విజ్ నిర్వహించే టీచరు తప్పు జవాబునే ఒప్పని ప్రకటించాల్సి వస్తుంది. కార్డిఫ్‌లోనో స్వాన్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పిల్లవాడు వేల్స్ చరిత్ర ప్రాజెక్టు చేస్తుంటే, ఇక్కడి తాతయ్య తెలుగులో చదివి చెప్పిన మాట అక్కడ క్లాసులో తప్పని తేలుతుంది. పైగా తెలుగులో ఈ విషయం మీద ఉన్న పేజీలే కొన్ని. ఒకటి తప్పయితే మిగతావన్నీ దాన్నే ఎత్తి రాస్తున్నాయి. యంత్రాలు కూడా వాటినే చదివి మళ్ళీ మనకే చెబుతున్నాయి.

మా డిమాండ్లు ఇవి:

1) ప్రతి ఆటగాడికి ఆరు గడులు తప్పనిసరి చేయండి: మధ్య పేరుతో సహా పూర్తి పేరు, పుట్టిన ఊరు, ఏడాది, ఆడిన స్థానం, క్లబ్బులు, దేశం. దేశం గడిలో క్లబ్బు ఉన్న ఊరు చూసి రాయకండి, అతను ఆడిన మొదటి, చివరి అంతర్జాతీయ మ్యాచ్‌ల తేదీలు చూసి రాయండి.

2) జోన్స్, ఎవాన్స్, డేవిస్, విలియమ్స్, మోరిస్, రాబర్ట్స్ పేర్లున్న పేజీలను ముందుగా తీసి చూడండి. వరస ఇది: మొదట మ్యాచ్ తేదీ రాసుకోవాలి, తర్వాత ఆ రోజుకు ఆ మనిషి ఏ క్లబ్బులో ఉన్నాడో చూడాలి, తర్వాత కీపరా, ఫార్వర్డా చూడాలి, ఆఖరున అప్పటికి బతికి ఉన్నాడో లేదో చూడాలి. నాలుగూ కుదిరితేనే ఒకే మనిషి. ఒక్కటి కుదరకపోయినా రెండు పేజీలుగా విడదీయండి.

3) 1914కు ముందు మ్యాచ్‌ల సంఖ్య రాసిన ప్రతిచోటా, అప్పట్లో ఏడాదికి మూడుకు మించి మ్యాచ్‌లు ఉండేవి కావన్న వాక్యం చేర్చండి.

4) మెరిడిత్ మీద ‘జీవితకాల నిషేధం’, రూస్ మీద ‘నియమాల ఉల్లంఘన’ అన్న మాటలను వెంటనే తొలగించండి. అచ్చులో వచ్చి ఉంటే, వచ్చిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి.

5) పరీక్షల పుస్తకాల ప్రచురణకర్తలు తర్వాతి ముద్రణ దాకా ఆగకుండా తప్పొప్పుల పట్టిక అచ్చువేసి, పుస్తకం ఇప్పటికే కొన్నవాళ్ళకు షాపుల ద్వారా ఉచితంగా అందేలా చూడాలి.

6) దిద్దిన పేజీని మళ్ళీ పాత రూపానికి మార్చేవాళ్ళు కారణం రాయాలన్న నియమం పెట్టండి. కారణం లేకుండా మార్చితే నిర్వాహకులు ఆ మార్పును ఆ రోజే రద్దు చేయాలి.

7) ఈ లేఖకు రెండు నెలల్లో జవాబు ఇవ్వండి. ఏ పేజీ దిద్దారో, ఏది దిద్దలేదో, దిద్దకపోతే ఎందుకో అందులో చెప్పండి. మ్యాచ్‌ల తేదీలు, జట్ల జాబితాలు సరిచూసే పనిలో మీకు మనిషి కావాలంటే మేం ఉచితంగా చేసిపెడతాం.

ఇట్లు,
పాత ఫుట్‌బాల్ రికార్డులు చదివే కొందరు తెలుగు పాఠకులు